బొటనవేలంత జాగా

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం నాంపల్లిలో మా గల్లీ మొదట్లో ఆటో దిగి, మాడు పగిలే ఎండలో నిలబడి, "అబ్బ, ఎంత హాయిగా ఉంది" అని పైకే అనేశాను. నా పెట్టె దించుతున్న ఆటో అతను ఆగి నా మొహం కేసి అనుమానంగా చూశాడు.

"ఎండ మంచిగున్నదా భయ్యా నీకు?"

"మస్తుగున్నది" అన్నాను.

నాలుగు నెలలు మంచుకొండ దగ్గర పని చేసి వచ్చినవాడికి నాంపల్లి ఎండ ఎంత ముద్దొస్తుందో ఆయనకు వివరించే ఓపిక లేదు. నిజానికి నా హాయికి ఎండ ఒక్కటే కారణం కాదు. జనవరిలో ఒక పదకొండేళ్ల పిల్ల కాలు విషయంలో నేనొక తప్పు చేశాను. ఆ సంగతి ఫోనులో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నవ్వుతూ చెప్పగలుగుతున్నాను గానీ, ఆ రోజు రెండు గంటలసేపు నా ప్రాణం నా దగ్గర లేదు.

ముందు మా దుకాణం గురించి చెప్పాలి. తప్పు పుట్టింది అక్కడే.

అబిడ్స్‌లో మా మేనమామకు బూట్ల దుకాణం ఉంది. ఇంటర్ రెండుసార్లు తప్పాక అమ్మ నన్ను తీసుకెళ్లి తన అన్న చేతిలో పెట్టింది. పన్నెండేళ్లుగా ఒక చిన్న పీట మీద కూర్చుని జనం పాదాలు చూస్తూ బతుకుతున్నాను. మొహాలు నాకు గుర్తుండవు. బజారులో ఎవరైనా పలకరిస్తే వెర్రిమొహం వేస్తాను. పాదాలు మాత్రం మరిచిపోను. ఎవరి మడమ వెడల్పు, ఎవరి కుడికాలు ఎడమకాలి కంటే పెద్దది, అన్నీ తెలుసు. ఇదేమంత గొప్ప విద్య కాదని అమ్మ అభిప్రాయం. పెళ్లిచూపుల్లో ఈ సంగతి ఎత్తవద్దని చెప్పింది కూడా.

మా వ్యాపారానికి పండగ జూన్ నెల. బడులు తెరిచే ముందు హిమాయత్‌నగర్ నుంచి, ఖైరతాబాద్ నుంచి, కాచిగూడ నుంచి తల్లులు పిల్లల్ని రెక్క పట్టుకుని తెస్తారు. నల్ల బూట్లు ఒక జత, శనివారానికి తెల్ల కాన్వాస్ బూట్లు ఒక జత. అప్పుడు జరిగే తంతు ఏటా ఒకటే. నేను పిల్ల కాలికి బూటు తొడుగుతాను. మామ వచ్చి, వంగి, బూటు ముక్కు మీద తన బొటనవేలితో నొక్కుతాడు. పిల్ల వేళ్లకీ బూటు కొసకీ మధ్య మామ బొటనవేలు పట్టేంత సందు దొరికితే తలెత్తి తల్లి వైపు చూసి, "జాగా ఉందమ్మా, ఏడాది దాకా ఫికర్ లేదు" అంటాడు. తల్లి మొహం వికసిస్తుంది. సందు దొరక్కపోతే పై సైజు తెమ్మని నాకు కంటితో సైగ చేస్తాడు. మరీ వదులైతే కొసలో ఇంత దూది కూరతాం. పిల్లని నడిచి చూడమంటాం. పిల్ల బాతులాగా నడుస్తుంది. "అలవాటయితది" అని తల్లీ మామా ఒకేసారి అంటారు. ఎలా ఉందని పిల్లని అడగడం ఆ తంతులో లేదు. చిన్నప్పుడు నేనూ మామ ఇచ్చిన పెద్ద బూట్లలోనే టపటపమంటూ బడికి పోయాను కాబట్టి, అందులో తప్పేముందో నాకెప్పుడూ తోచలేదు.

చలికాలం వస్తే మా దుకాణం కునుకు తీస్తుంది. అది మా పాత గిరాకీ ఒకాయన కనిపెట్టాడు. ఆయనకు నాంపల్లిలో టూర్ల ఆఫీసు ఉంది. డిసెంబరు నుంచి మార్చి దాకా మనవాళ్లకు మంచు చూపించడానికి జార్జియా తీసుకుపోతుంటాడు. అక్కడ కొండ కింద, మంచు మీద జారడానికి కాళ్లకు తొడుక్కునే స్కీ పలకలు, వాటి బూట్లు అద్దెకిచ్చే ఒకావిడ, మనవాళ్లతో వేగలేక, హిందీ, తెలుగు మాట్లాడుతూ కాలికి బూటు తొడగడం తెలిసిన మనిషి ఒకడు కావాలని ఆయనని అడిగిందట. ఆయన నేరుగా మా దుకాణానికి వచ్చి నన్ను చూపించాడు. మామ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"పో రా. డిసెంబర్ల గీడ కూసోని ఈగలు కొట్టుడే గద నీ పని."

గల్లీలో అందరూ నేను అమెరికా పోతున్నాననుకున్నారు. ఈ జార్జియా అమెరికాలో ఉన్న రాష్ట్రం కాదు, రష్యా పక్కనున్న వేరే దేశం అని నాలుగు రోజులు అందరికీ చెప్పి, ఐదో రోజు మానేశాను. అమ్మ మూడు మంకీ క్యాపులు కొని పెట్టెలో పెట్టింది. ఆమె బాధ మాత్రం వేరే. "జనవరిల నుమాయిష్ లేకుండ ఎట్లుంటవ్ రా?" అన్నది. పుట్టినప్పటి నుంచి ఇంటి పక్క మైదానంలో ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్ చూడని జనవరి నాకు అదే మొదటిది.

అక్కడి మంచు అందం గురించి నన్నడగకండి. ఫొటోలో చూసేవాళ్లకు అందం, పొద్దున్నే వాకిట్లోంచి పారతో ఎత్తిపోసేవాడికి చాకిరీ. నా పని దుకాణం లోపల. నూరు జతల తడి బూట్లు వేడిగాలి గొట్టాల మీద ఆరుతూ ఉండేవి. ఆ వాసన వర్ణించను, మీరు అన్నం తినాల్సినవాళ్లు. మా మామ దుకాణంలో కొత్త తోలు వాసన గుర్తొచ్చి మొదటి వారం కళ్లనీళ్ల పర్యంతమయ్యాను.

దుకాణం యజమానురాలికి యాభై ఐదేళ్లుంటాయి. కుడి మోకాలు వంగదు. వచ్చీరాని ఇంగ్లీషులో ఆవిడ, వచ్చీరాని ఇంగ్లీషులో నేను, బాగానే అర్థం చేసుకునేవాళ్లం. మొదటి రోజే నా ముందు ఒక స్కీ బూటు పెట్టి పాఠం చెప్పింది. పైన రాయిలాంటి ప్లాస్టిక్ చిప్ప, లోపల మెత్తటి తొడుగు, బిగించడానికి క్లిప్పులు. నిటారుగా నిలబడితే కాలివేళ్లు ముందు కొసకు తగలాలి. మోకాళ్లు వంచితే కొద్దిగా వెనక్కి రావాలి. బూటులో మడమ ఎట్టి పరిస్థితిలోనూ పైకి లేవకూడదు. కాలు ఎటు తిరిగితే స్కీ అటు తిరగాలి. బూటు వదులైతే కాలు లోపల ఒకవైపు తిరుగుతుంది, బూటు ఇంకోవైపు పోతుంది, మధ్యలో ఎముక విరుగుతుంది. ఇంత చెప్పి ఆవిడ తన వంగని మోకాలి మీద రెండుసార్లు తట్టింది. పదిహేనేళ్ల వయసులో అక్క బూట్లు వేసుకుని కొండ ఎక్కిందట.

ఇంకో నియమం కూడా ఉండేది. ప్రతి మనిషికీ ఒక చీటీ రాయాలి. అందులో ఒక గడిలో పాదం కొలత, పక్క గడిలో ఇచ్చిన బూటు సైజు.

నాకు పాఠం అర్థమైంది గానీ నా బొటనవేలికి అర్థం కాలేదు. ఎవరికి బూటు తొడిగినా అది దానంతటదే ముక్కు మీదికి పాకేది. ఆవిడ పక్కనుంచి పోతూ ఆ వేలి మీద టప్పున ఒకటి వేసేది. అలా దెబ్బలు తిని తిని ఆరు వారాలకు నా వేలు బుద్ధిగా ఉండడం నేర్చుకుందనే అనుకున్నాను.

జనవరి నడిమధ్యలో ఒకరోజు పొద్దున మా నాంపల్లి టూర్లాయన పంపిన బస్సు వచ్చింది. నలభై మంది ఒక్కసారిగా లోపలికి వచ్చారు. "అన్నా, జర ఇటు చూడు" అని తెలుగులో ఒక గొంతు వినిపించేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. చూస్తే నలభై ఏళ్ల ఒకావిడ, పక్కన ఎర్ర కోటులో ఒక పిల్ల. ఆవిడ బళ్లో టీచరట.

"ఎక్కడోళ్లు అన్నా మీరు?"

"నాంపల్లి అక్కా. అబిడ్స్‌ల మా మామది బూట్ల దుకాణం." దుకాణం ఏ గల్లీలో ఉందో, పక్కన ఏముందో కూడా చెప్పాను.

"అయ్యో దేవుడా! మాది హిమాయత్‌నగర్. మా పాపకు బడి బూట్లు మీ దగ్గరనే గద కొంటం!"

నేను ఆ పిల్ల మేజోడు విప్పాను. ఎడమకాలి చిటికెన వేలు పక్క వేలి మీదికి ఎక్కి దర్జాగా కూర్చుని ఉంది. వెంటనే గుర్తుపట్టాను. మూడేళ్లుగా ప్రతి జూన్‌లో నా ఒళ్లోకి వస్తున్న పాదం అది. అంత దూరదేశంలో, అంత చలిలో, తెలిసిన పాదం కనిపిస్తే ఎంత సంతోషమో చెప్పలేను. ఆ సంతోషంలోనే నా బుర్ర అబిడ్స్‌కి వెళ్లిపోయింది.

పాదం కొలిచాను. ఇరవై రెండు సెంటీమీటర్లు. చీటీలో రాశాను. ఇరవై రెండున్నర సైజు బూటు తొడిగాను. పిల్ల మొహం ముడుచుకుంది.

"గట్టిగున్నది అంకుల్."

"పెరిగే పిల్ల అన్నా, జర పై సైజు చూడు" అన్నది తల్లి.

ఒక్కరోజుకు అద్దెకు తీసుకున్న బూటులో ఆ పిల్ల సాయంత్రంలోగా ఎంత పెరుగుతుందని నేను అడగలేదు. ఆవిడకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఏటా అబిడ్స్‌లో ఆవిడ అనే మాట అది, ఏటా నేను చేసే పని ఇది. లేచి వెళ్లి ఇరవై నాలుగు తెచ్చి తొడిగాను. ఆరు వారాలు బుద్ధిగా ఉన్న నా బొటనవేలు బూటు ముక్కు మీదికి వెళ్లింది. ఆ ప్లాస్టిక్ చిప్ప మీద నొక్కితే గోడ మీద నొక్కినట్టే. లోపల పిల్ల వేళ్లు ఎక్కడున్నాయో దేవుడికే తెలియాలి. అయినా నొక్కాను. నొక్కి, తలెత్తి, మామ గొంతుతో అన్నాను.

"జాగా ఉంది అక్కా, ఫికర్ లేదు."

పిల్ల లేచి రెండడుగులు వేసింది. "మడిమ లేస్తున్నది అంకుల్" అన్నది.

"అలవాటయితది" అని తల్లీ నేనూ ఒకేసారి అన్నాం. ఇంకో జత మేజోళ్లు వేయించాను. చీటీలో పక్క గడిలో ఇరవై నాలుగు అని రాశాను. దాచాలనే ఆలోచన కూడా లేదు, అందులో దాచాల్సింది ఉందని తెలిస్తే కదా. తల్లి చెయ్యూపింది. నేను ఈల వేసుకుంటూ తర్వాతి మనిషి కాలు పట్టుకున్నాను.

జనం పలచబడ్డాక, పదకొండు దాటి ఉంటుంది, యజమానురాలు చీటీలు తిరగేస్తూ ఒకదాని దగ్గర ఆగింది. కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చి, చీటీ నా ముందు పెట్టి, ఒక గడి మీద వేలు పెట్టింది. ఇరవై రెండు. పక్క గడి మీద పెట్టింది. ఇరవై నాలుగు.

తల్లే అడిగిందని చెబుదామని నోటిదాకా వచ్చింది. అదే క్షణంలో ‘మడిమ లేస్తున్నది’ అన్న పిల్ల గొంతు చెవిలో వినిపించింది. ఆ మాట తల్లికి చెప్పలేదు, నాకు చెప్పింది. బూట్లవాణ్ని నేను.

"తప్పు నాదే. మడమ లేస్తోందని పాప చెప్పింది. నేను వినలేదు" అన్నాను.

ఈసారి ఆవిడ మోకాలి మీద తట్టుకోలేదు. అల్మారాలోంచి ఇరవై రెండున్నర జత తీసి సంచిలో వేసి, సంచి నా చేతిలో పెట్టి, కొండ వైపు చూపించింది.

ఆరు వారాల్లో నేను కొండ ఎక్కింది లేదు. కేబుల్ కారంటే నాకు భయం. ఆ రోజు ఆ భయం గుర్తుకు కూడా రాలేదు. కిటికీకి మొహం ఆనించి, కింద మంచు మీద కదిలే ప్రతి ఎర్ర చుక్కనీ చూస్తూ పోయాను. ఎర్ర కోట్లు వందున్నాయి. ఎక్కడ ఎవరు కింద పడ్డా ఆ పిల్లే అనిపించింది. మా గల్లీ పోచమ్మకు కొబ్బరికాయ మొక్కాను. నాంపల్లి దర్గాకు చాదర్ మొక్కాను. కాలికి ఏమీ కాకుండా చూడు, ఇక జన్మలో బొటనవేలితో నొక్కను అని కూడా అన్నాను. ఏ దేవుడితో అన్నానో తెలియదు.

పైన టీ హోటల్ ముందు టీచరమ్మ ఎండలో కూర్చుని ఫొటోలు చూసుకుంటోంది. నన్ను చూసి నవ్వింది. చేతిలో సంచి చూసి నవ్వు ఆపింది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ బూట్లతో పడితే కాలు విరగవచ్చని కూడా చెప్పాను.

"మీరే ఇచ్చిన్రు గద!" అని ఆవిడ ఒక్క అరుపు అరిచింది. అటుపక్క బల్లల వాళ్లు తిరిగి చూశారు. తర్వాత గొంతు పడిపోయింది. "నేనే గద పెద్దది అడిగిన" అన్నది.

"మీరు అడుగుతరు అక్కా. వద్దనుడు నా పని."

ఆరుగురు పిల్లల్ని వెంటేసుకుని స్కీలు నేర్పే మాస్టారు తీగకు వేలాడే కుర్చీల్లో ఇంకా పైకి వెళ్లి అరగంట అయిందట. స్కీల మీదే కిందికి తీసుకొస్తాడట. మేం చేయగలిగింది ఏమీ లేదు, వాలు అడుగున నిలబడి చూడటం తప్ప. పొగమంచు కొంచెం కొంచెంగా దిగుతోంది. పిల్లలందరూ కోట్ల మీద ఒకే పసుపుపచ్చ జాకెట్ తొడుక్కున్నారు కాబట్టి ఎర్రకోటు కూడా గుర్తుపట్టలేం. పొగమంచులోంచి ఒక పసుపు జాకెట్ బయటికి వచ్చింది. కాదు. ఇంకొకటి. కాదు. ఒక ఆడమనిషి, మాస్టారికి సాయం చేసే ఆవిడ కాబోలు, పిల్లల్ని ఒక్కొక్కరినే ఆపి వరసలో నిలబెడుతోంది. మూడు, నాలుగు, ఐదు. ఐదు దగ్గర ఆగిపోయింది. టీచరమ్మ నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడే పైనుంచి దెబ్బ తగిలినవాళ్లను తెచ్చే బండి ఒకటి జారుకుంటూ వచ్చింది. దాన్ని పట్టుకున్న ఇద్దరూ గబగబా అరుస్తూ దారిలోంచి తప్పుకోమంటున్నారు. టీచరమ్మ కళ్లు మూసుకుంది. నేను మూసుకోలేదు, పాదాలు చూశాను. దుప్పటి కొసన రెండు పెద్ద బూట్లు, మగవాడివి, ఇరవై తొమ్మిది సైజు ఉంటాయి. "పాప కాదు అక్కా" అన్నాను. ఎవరో పాపం, ఆ మనిషికీ ఒక ఇల్లుంటుంది. అయినా సిగ్గు లేకుండా సంతోషించాను.

ఇంకా ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. చివరికి పొగమంచులోంచి, వాలు అంచున, ఇద్దరు నడిచి రావడం కనిపించింది. స్కీల మీద కాదు, కాళ్ల మీద. ముందు మాస్టారు, భుజం మీద రెండు జతల స్కీలు. వెనక ఒక పసుపు జాకెట్. బాతు నడక. ప్రతి అడుగుకీ మడమ లోపల లేస్తోంది, బూటు వెనకపడుతోంది. ఆ నడక నాకు తెలుసు. పన్నెండేళ్లుగా ప్రతి జూన్‌లో మా దుకాణంలో బెంచీ నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి బెంచీ దాకా చూస్తున్న నడక.

పిల్ల చాలా కోపంగా ఉంది.

"నేను చెప్పిన గద అంకుల్, మడిమ లేస్తున్నదని! పైకి పోయినంక సర్‌కు చెప్పిన. సర్ క్లిప్పులు తీసి చూసిండు. చూడంగనే స్కీలు ఇప్పేయమన్నడు. ఇంత దూరం నడిచి వచ్చిన నేను!"

తల్లి పిల్లని గట్టిగా పట్టేసుకుంది. నేను ఉన్నచోటనే మంచులో కూలబడ్డాను. ఏడ్చాను. ముప్పై ఏళ్ల మగవాణ్ని, నెత్తిన అమ్మ కొన్న మంకీ క్యాపుతో, అందరి ముందూ ఏడ్చాను. మాస్టారు స్కీలు కింద పడేసి వాళ్ల భాషలో నన్ను తిట్టడం మొదలుపెట్టాడు. వేలు చూపించి చూపించి తిట్టాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, నా జీవితంలో అంత కమ్మటి తిట్లు వినలేదు. తిట్టండి స్వామీ, ఇంకో గంట తిట్టండి అనుకున్నాను.

ఆయన అలిసిపోయాక పిల్లని ఒక బల్ల మీద కూర్చోబెట్టి, మంచులో మోకాళ్ల మీద కూర్చుని బూట్లు విప్పాను. పాదం చల్లగా ఉంది. చీలమండ చుట్టూ మెల్లగా నొక్కాను. వేళ్లు ఆడించమన్నాను. పక్క వేలి మీదికెక్కిన చిటికెన వేలు కూడా ఆడింది.

"నొస్తున్నదా?"

"లేదు."

"గీడ?"

"లేదు."

"గీడ నొస్తున్నదా బిడ్డా?"

"ఎన్నిసార్లు అడుగుతరు అంకుల్?"

"పొద్దున అడగలేదు గద" అన్నాను.

ఒకే ఒక్క జత మేజోళ్లు తొడిగి, ఇరవై రెండున్నర బూటు ఎక్కించి, క్లిప్పులు బిగించాను. నా బొటనవేలు అరచేతిలో ముడుచుకునే ఉంది. నిలబడమన్నాను. పిల్ల మోకాళ్లు వంచి చూసింది, మడమ ఎత్తబోయి చూసింది. "గట్టిగున్నది" అన్నది, ఒక నిమిషం ఆలోచించి. "కాని నొస్తలేదు." కొత్త బూట్ల కొలతకు స్కీలు మళ్లీ బిగించి ఇచ్చాడు మాస్టారు. పిల్ల చిన్నపిల్లల వాలు మీద సాయంత్రం దాకా జారింది. మూడుసార్లు పడింది, మూడుసార్లూ నవ్వుతూ లేచింది. పాప పడ్డ ప్రతిసారీ నేను లేచి నిలబడి చూశాను.

కిందికి వెళ్లి యజమానురాలికి అంతా చెప్పాను. పెట్టె సర్దుకోమంటుందని ఎదురుచూశాను. ఆవిడ స్కేలు తీసుకుని, ఖాళీ చీటీల కట్ట ముందేసుకుని, ప్రతి చీటీ మీదా రెండు గడుల పక్కన మూడో గడి గీసింది. కాలు ఎవరిదో వాళ్లు ఏమన్నారో ఇందులో రాయి, తల్లి అన్నది కాదు, అని చెప్పింది. మార్చి నెలాఖరు దాకా ఆ మూడో గడి నింపాను. ‘నొప్పి’, ‘బాగుంది’, ‘వేలు గుచ్చుకుంటోంది’, ‘ఇంటికి పోదాం’. అన్నీ రాశాను.

టీచరమ్మ ఆ సాయంత్రం బూట్లు తిరిగిచ్చేటప్పుడు "పోయొస్తం అన్నా" అన్నది, అంతే. మొహంలో నవ్వు లేదు. ఇక అబిడ్స్‌లో మా గడప తొక్కరనుకున్నాను. అది న్యాయమే అనుకున్నాను. కానీ ఆ పాదం ఇంకెప్పుడూ నా పీట మీదికి రాదంటే దిగులేసింది.

ఇంటికి వచ్చిన మర్నాడే మొక్కులు తీర్చాను. పోచమ్మకు కొబ్బరికాయ కొట్టాను, దర్గాలో చాదర్ కప్పించాను. ఏం మొక్కు రా అని అమ్మ అడిగితే అప్పుడు అంతా చెప్పాను. ఆమె భయపడి, నా వీపు మీద ఒకటి చరిచి, అన్నం పెట్టింది. మామకు చెబితే మామ చెవికెక్కించుకోలేదు.

"గది మంచు బూటు రా. గీడ మంచెక్కడిది?"

"మంచు లేకున్నా మడిమ లేస్తది గద మామా."

"ముప్పై ఏండ్లసంది చేస్తున్న. ఎవరి కాలు ఇరిగిందో చెప్పు" అని మామ కౌంటరు వెనక్కి పోయాడు. ఎవరి కాలూ విరగలేదు, నిజమే. వాళ్లను ఎవరూ అడగనూ లేదు.

జూన్ వచ్చింది. బడులు తెరవడానికి మూడు రోజుల ముందు, దుకాణం కిటకిటలాడుతుంటే, వంచిన తల ఎత్తకుండానే నా ముందుకు వచ్చిన పాదాన్ని చూశాను. చిటికెన వేలు పక్క వేలి మీద ఎక్కి కూర్చుని ఉంది. తలెత్తితే టీచరమ్మ.

"ఏంది అన్నా, గట్ల చూస్తున్నవ్? బూట్లు ఇయ్యవా?" అన్నది. నవ్వుతోంది.

పాదం కొలిచి, సరిపోయే నల్ల బూట్లు తెచ్చి తొడిగాను. అలవాటు ప్రకారం మామ వచ్చాడు. వంగాడు. బొటనవేలు బూటు ముక్కు మీదికి వస్తుండగానే పిల్ల కాలు వెనక్కి లాక్కుంది.

"తాతా, నన్ను అడుగుండ్రి" అన్నది.

తాతా అన్నందుకు మామ ముందు నొచ్చుకున్నాడు. తర్వాత, పిల్ల మాట లెక్కలోది కాదులే అన్నట్టుగా తల్లి వైపు చూశాడు.

"నన్ను చూడకుండ్రి. దాన్నే అడుగుండ్రి. పెరిగితే మళ్లొస్తం" అన్నది టీచరమ్మ.

మామ వేలు గాల్లోనే ఉంది. నా వైపు చూశాడు. నేను నా పీట జరిపాను. మోకాళ్ల నొప్పులతో మూలుగుతూ దాని మీద కూర్చున్నాడు మామ. ఆ పీట మీద ఆయన కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"సరే, చెప్పు బిడ్డా. ఎట్లున్నది?"

"నడిచి చెప్తా" అని పిల్ల లేచింది. జనం తప్పుకున్నారు. బెంచీ దగ్గర నుంచి గుమ్మం దాకా వెళ్లింది, గుమ్మం దగ్గర రెండుసార్లు కాలు నేలకేసి కొట్టింది, వెనక్కి తిరిగింది. ఆమె మళ్లీ బెంచీ దగ్గరికి వచ్చేదాకా మేం ముగ్గురు పెద్దవాళ్లం ఆమె మడమల కేసే చూస్తూ ఉండిపోయాం.

"మంచిగున్నయ్" అన్నది.